చెవి గుర్తు

సిద్ధవటం దాటినాక పెన్నలో ఇసుకే ఎక్కువ.
ఆషాఢం తొలిజల్లు పడిన మూడోనాడు
లంకమల అంచున నన్ను దించి బస్సు పోయింది.
చంకలో అట్టలు, సంచిలో పాత పేపర్లు,
మెడలో భూతద్దం,
ఫోనులో ఒక ఎండుకొమ్మ ఫోటో.

కొమ్మ కింద చెన్నకేశవులు సారు చేతిరాత,
ముప్పై ఎనిమిదేళ్ల నాటిది:
"సన్నాకు అడవిమల్లె. లంకమల."

నాకెందుకో అనుమానం.
ఎండిన పువ్వు ఏ పేరు పెట్టినా ఊరుకుంటుంది.
వాసన ఉండదు, మొగ్గ వీపు మీది ఎర్రజీర ఉండదు,
అన్నీ చివరికి టీ మరక రంగుకొస్తాయి.
బతికున్నదాన్నే అడుగుదామని వచ్చాను.

మొదటి పొదలోనే తప్పు చేశాను.
తెల్లగా విరగబూసి ఉంటే కొమ్మ తుంచాను,
ముల్లు గుచ్చుకుంది, వేళ్లకు పాలంటాయి.
వెనకనుంచి నవ్వు.
"అది కలివి మే!
పాలు కారేది మల్లె యాడైతాది?"

దస్తగిరమ్మ.
భుజమ్మీద రెండ్రోజుల పిల్ల, ముందర నలభై మేకలు.
"మందుకా?" అంది.
"కాదు, పేరుకు" అన్నాను.
నన్ను కిందికీ పైకీ చూసి
గుట్ట వైపు నడిచింది.

అక్కడ రెండు తీగలు
ఒకే రేణిచెట్టు మీద పెనవేసుకుని ఉన్నాయి.
రేకులు లెక్కబెట్టాను. ఏడు, ఎనిమిది,
ఈ పువ్వుకు తొమ్మిది, మళ్లీ ఏడు.
పూలూ నాలాగే లెక్కల్లో అంతంతమాత్రం.
పుస్తకం తీయబోతే ఆమె ఆకు తీసింది.
"బుగ్గకు రాసుకో."

ఒకటి కడిగిన స్టీలు గ్లాసు.
ఒకటి మేకపిల్ల పొట్ట.

"ఇంగ ఈ మెత్తదాని మొదులు సూడు."
పెద్దాకు కాడ మీద, అటొకటి ఇటొకటి
మినపగింజంత బుడ్డాకులు.
"సెవులు. నున్నదానికి ఉండవు.
దీనిక్కూడా అన్నిటికీ ఉండవులే,
రాలిపోతాయి. అప్పుడు మచ్చ ఎదుక్కోవాల."

మేకపిల్ల చెవి పట్టి చూపించింది, ఇంకా పచ్చిగా ఉన్న గాటు.
"ఎడమసెవికి గాటుంటే మాది.
కుడిసెవి కొస తెగుంటే మా తోడికోడలిది.
రెండూ నిండుగా ఉంటే పీర్లసామికి ఇడిసింది,
దాన్నెవరూ తోలుకపోరు."

మరి ఈ తీగల పేర్లేంటని అడిగాను.
"రెండూ ఒకతావున ఉన్నెప్పుడే గదా పేరు గావాల్సింది.
ఒగటే ఉంటే, ఆ పూలు అంటాం. అంతే."

రాత్రి కడపలో, కాలేజీ మేడమీద,
కలరా ఉండల వాసన కొట్టే బీరువా తీశాను.
సారు అతికించిన అట్ట. దీపం. భూతద్దం.
ఆకు కాడ మీద రెండు చుక్కలు,
సూదిమొనతో పొడిచినట్టు.
అట్ట మూలన చిన్న కాయితం పొట్లం.
రాలినవి పారెయ్యగూడదు, పొట్లం కట్టాలి
అని ఆయనే నేర్పాడు మాకు.
విప్పాను.
దుమ్ము, ఒక ఎండు రేకు,
రెండు చెవులు.

ఇన్నాళ్లూ చెప్తూనే ఉన్నాయి కాబోలు,
ఏమిటో తెలియకుండానే
ఆయన భద్రంగా మడిచిపెట్టాడు.

పాత చీటీ చింపకూడదు. అదొక నియమం.
తప్పు తప్పుగానే ఉండాలి, పక్కన కొత్త చీటీ అంటించాలి.
రాశాను: చెవుల అడవిమల్లె.
తేదీ. నా సంతకం.
"గుర్తించినవారు" అన్న గడి ఒక్కటే ఉంది,
ఇరుకుగా.
అందులోనే ఇరికించాను:
దస్తగిరమ్మ, మేకలకాపరి.

ఇంకో కొమ్మ మిగిలింది పేపర్ల మధ్య.
దిగేటప్పుడు ఊరకే తెంపింది.
ఆకు నున్నగా ఉంది, గ్లాసులాగే.
ఒకవైపు మాత్రం
ఒక చెవి.

దాన్ని ఇంకా అతికించలేదు.